డాక్టర్ "ఇంటికి వెళ్లొచ్చు" అన్నాక ఐదు గంటలు: డిశ్చార్జ్ ఆలస్యానికి లీన్ పద్ధతి ఎక్కడ మొదలుపెట్టాలి?

క్వాలిటీ_గోదావరి · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. 200 పడకల జనరల్ ఆసుపత్రి, రోజుకు 30 దాకా డిశ్చార్జ్‌లు. రౌండ్స్‌లో పెద్ద డాక్టర్ గారు వెళ్లొచ్చు అన్న దగ్గర్నుంచి పేషెంట్ వార్డు దాటేసరికి సగటున ఐదు గంటలు. కింద ఎమర్జెన్సీలో ట్రాలీల మీద మనుషులు బెడ్ కోసం చూస్తుంటారు. మేనేజ్‌మెంట్ ముందు రెండు దారులున్నాయి: కొత్త సాఫ్ట్‌వేర్ మాడ్యూల్ కొనడం, బిల్లింగ్‌లో ఇంకో ఇద్దరిని పెట్టుకోవడం. ఈ రెండింటి జోలికి పోకముందే లీన్ పద్ధతిలో, అంటే పనిలోని వృథాను, ఎదురుచూపును తగ్గించే దారిలో, చేయగలిగింది ఏమిటి? నినాదాలు వద్దు, వార్డులో రేపు పొద్దున ఏం చేయాలో చెప్పండి.

నడిచే_గడియారం · సోమవారం, రాత్రి 10:05

గోదావరి గారూ, ముందు కొలవండి. కంప్యూటర్ రిపోర్టుతో కాదు, కాగితంతో. సిస్టమ్‌లో కనిపించేది ఎంట్రీ కొట్టిన టైమ్, పని జరిగిన టైమ్ కాదు. సాయంత్రం తీరిక దొరికాక పది ఫైళ్లు ఒకేసారి ఎంట్రీ కొడితే ఆ రిపోర్టు ఎందుకూ పనికిరాదు.

ఒక పసుపు చీటీ కేస్‌షీట్ అట్టకు పిన్ చేయండి. మెట్టు పేరు, ఫైల్ చేతికొచ్చిన టైమ్, పని మొదలైన టైమ్, పని ముగిసిన టైమ్: ఇవే గడులు. చేతికి రావడానికీ మొదలవడానికీ మధ్య ఉన్నదే అసలు జబ్బు. రెండు వారాలు, ఒకే వార్డు, 60 డిశ్చార్జ్‌లు చాలు. ఆదివారం, సోమవారం తప్పకుండా ఉండాలి, ఆ రెండు రోజుల నడక వేరు.

సొంత డబ్బు కట్టేవాళ్లు, ఇన్సూరెన్స్, ఆరోగ్యశ్రీ: మూడు కుప్పలుగా విడదీయండి. అన్నీ కలిపి సగటు తీస్తే ఏ ఒక్కరి బాధా కనబడదు. సగటుతో పాటు మధ్యస్థం (టైమ్‌లను వరుసలో పేర్చితే నడిమిది) చూడండి, పదిమందిలో తొమ్మిది మంది ఎన్ని గంటల్లోపు వెళ్లారో కూడా చూడండి. జనం తిట్టుకునేది ఆ పదో మనిషికి పట్టిన టైమ్ గురించే.

సొంత డబ్బు కట్టే పేషెంట్ చీటీ ఎలా ఉంటుందో ఒక నమూనా (అంకెలు ఉదాహరణకే):

10:00 డిశ్చార్జ్ అన్నారు. రౌండ్స్ ముగిశాక డ్యూటీ డాక్టర్ సమ్మరీ మొదలుపెట్టింది 11:00, పని 20 నిమిషాలు. పెద్ద డాక్టర్ ఓపీలో ఉన్నారు, సంతకం మొదలైంది 12:10, పని 5. ఫార్మసీలో మందుల రిటర్న్ 12:45, పని 15. బిల్లింగ్ 1:50, పని 12. అటెండెంట్ వచ్చి డబ్బు కట్టడం 2:40, పని 8. సిస్టర్ మందులు వివరించడం 3:00, పని 10. పేషెంట్ కదిలింది 3:10.

మొత్తం 310 నిమిషాలు. అందులో పని 70, ఎదురుచూపు 240. బిల్లింగ్‌లో ఇద్దరిని పెంచితే తగ్గేది 12 నిమిషాల పని కాదు, దాని ముందున్న 50 నిమిషాల క్యూలో కొంత. మిగతా 190 నిమిషాల ఎదురుచూపు అక్కడే ఉంటుంది. మనుషుల్ని "తొందరగా చెయ్యండి" అని తరిమితే 70 కాస్తా 60 అవుతుంది, తప్పులు పెరుగుతాయి. 240 మీద చేయి వేయాలి.

బిల్లింగ్_రెండో_కౌంటర్ · సోమవారం, రాత్రి 10:40

గడియారం గారు చెప్పిన 50 నిమిషాల క్యూ ఎలా పుడుతుందో చెప్తాను. రోజుకు 30 ఫైళ్లు అంటే పది గంటలకు పంచితే గంటకు మూడు. రెండు కౌంటర్లకు అది లెక్కలోది కాదు. కానీ అలా రావు. రౌండ్స్ అన్నీ పదకొండుకు ముగుస్తాయి, వార్డు బాయ్ పది ఫైళ్లు పోగయ్యాకే కిందికి దిగుతాడు. పదకొండున్నరకు 30 ఫైళ్లూ ఒకేసారి కౌంటర్ మీద పడితే, ఒక్కోటి 12 నిమిషాల చొప్పున ఇద్దరికి 180 నిమిషాలు. చివరి ఫైల్ రెండున్నరకు లేస్తుంది, మధ్యలో ఎవరూ అన్నం తినకపోతే.

ఆ 12 నిమిషాల్లో బిల్లు తీయడం మూడు నాలుగు నిమిషాలే. మిగతాదంతా వెతుకులాట: వేరే విభాగం డాక్టర్ వచ్చి చూసిన విజిట్ ఎంట్రీ లేదు, ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లో వాడిన ఇంప్లాంట్ స్టిక్కర్ కేస్‌షీట్‌లో అంటించలేదు, మంచం పక్కన తీసిన ఎక్స్‌రేకి చార్జి వేయలేదు, అడ్వాన్స్ రసీదు వేరే నంబర్ మీద పడింది. ఇవి డిశ్చార్జ్ రోజు పుట్టిన తప్పులు కావు. మూడో రోజు జరిగిన తప్పు ఏడో రోజు పట్టుబడుతోంది.

కాబట్టి రాత్రి పది నుంచి రెండు మధ్య, కౌంటర్ ఖాళీగా ఉన్నప్పుడు, మర్నాడు వెళ్లేవాళ్ల బిల్లు సరిచూసి పెట్టాలి. పొద్దున్నకి మిగిలేది ఆ పూట చార్జీలు మాత్రమే. ఒక్కోటి 4 నిమిషాలైతే 30 ఫైళ్లకు ఇద్దరితో 60 నిమిషాలు, అన్నీ ఒకేసారి వచ్చినా పన్నెండున్నరకు కౌంటర్ ఖాళీ. కొత్త మనిషి అక్కర్లేదు.

డబ్బు కట్టే దగ్గర రెండు మాటలు. ఒక మనిషి నుంచి ఒక రోజులో నగదుగా 2 లక్షలు, ఆపైన తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ఊరి నుంచి నగదు సంచీతో వచ్చాక ఈ సంగతి కౌంటర్‌లో చెబితే గంట పోతుంది. ముందు రోజు సాయంత్రం అంచనా బిల్లుతో పాటే చెప్పాలి. ఆసుపత్రులకు యూపీఐ పరిమితిని రిజర్వ్ బ్యాంక్ 2023 డిసెంబర్‌లో 5 లక్షలకు పెంచింది. మీ క్యూఆర్ కోడ్ ఆసుపత్రి కేటగిరీలో రిజిస్టర్ అయి ఉందో లేదో బ్యాంకును అడగండి. మామూలు వ్యాపారి ఖాతాలా ఉంటే లక్ష దగ్గరే ఆగిపోతుంది.

డ్యూటీ_డాక్టర్_నైట్ · సోమవారం, రాత్రి 11:30

ముందు రోజే తెలియాలి అంటున్నారు, బాగానే ఉంది. కానీ "రేపు డిశ్చార్జ్" అని రాసిపెట్టి పొద్దున జ్వరం వస్తే? డాక్టర్లు ముందుగా చెప్పడానికి జంకేది అందుకే. చెప్పాక మారితే అటెండెంట్లు గొడవపడతారు, క్వాలిటీ వాళ్లు లెక్కలడుగుతారు.

వార్డు_సిస్టర్ · మంగళవారం, ఉదయం 6:20

డాక్టర్ గారూ, దీనికి బోర్డు మీద మూడు రంగుల మాగ్నెట్లు పెట్టుకోవచ్చు. ఆకుపచ్చ అంటే రేపు ఖాయం. పసుపు అంటే ఫలానాది జరిగితే. ఎరుపు అంటే రేపు కాదు. పసుపు పెట్టినప్పుడు పక్కన రెండు సంగతులు రాయాల్సిందే: ఏం కావాలి, ఎన్నింటికి తెలుస్తుంది. "క్రియాటినిన్, 8:30" అన్నట్టు, అంటే కిడ్నీ రక్తపరీక్ష ఫలితం ఎనిమిదిన్నరకు. ఊరికే పసుపు పెట్టి వదిలేస్తే ఆ రంగుకు అర్థం లేదు. ఇది సాయంత్రం ఐదు గంటల రౌండ్స్‌లో జరగాలి.

అంచనా తప్పితే ఎవరినీ ప్రశ్నించకూడదు. ఆ ఒక్క నియమం తప్పారంటే వారం తిరిగేసరికి బోర్డంతా ఎరుపే. ఎన్ని తప్పాయో లెక్క రాసుకోండి, ఎవరివి తప్పాయో రాయకండి. అటెండెంట్లతో కూడా "రేపు వెళ్తారు" అనొద్దు, "రేపు వెళ్లే అవకాశం ఉంది, పొద్దున డాక్టర్ గారు చూశాక ఖాయం" అనాలి.

బోర్డు మీద పేషెంట్ పేరు, జబ్బు రాయొద్దు. బెడ్ నంబరే రాయాలి, బోర్డు కారిడార్‌లో ఉంటుంది.

అదే సాయంత్రం అటెండెంట్‌ను మూడు ప్రశ్నలు అడగాలి: డబ్బు కట్టేవాళ్లు ఎవరు ఎన్నింటికి వస్తారు, బండి ఏర్పాటు ఉందా, బయల్దేరడానికి టైమ్ ఏమైనా చూసుకుంటున్నారా. ఈ మూడోది మన దగ్గర చిన్న విషయం కాదు. మంగళవారం రోగిని ఇంటికి తీసుకెళ్లం అనే ఇళ్లున్నాయి. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు రాహుకాలం, బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర, గురువారం ఒకటిన్నర నుంచి మూడు. బిల్లు కట్టేసి మంచం మీదే కూర్చుంటారు, అది మన ఆలస్యంగా నమోదవుతుంది. శుక్రవారం పదిన్నరలోపు వెళ్తామంటే వాళ్ల ఫైల్ అన్నిటికంటే ముందు కదపాలి. వాళ్ల నమ్మకాన్ని వాదించి మార్చడం మన పని కాదు. ఆ టైమ్ ముందే తెలిస్తే మనకూ సుఖమే.

ఫార్మసీ_కిటికీ · మంగళవారం, ఉదయం 9:45

మందుల రిటర్న్ దగ్గర "ఎందుకు" అని ఐదుసార్లు అడిగి చూద్దాం.

డిశ్చార్జ్ ఫైల్ ఫార్మసీలో ఎందుకు ఆగుతోంది? రిటర్న్ తీసుకుని క్రెడిట్ వేయాలి కాబట్టి. రిటర్న్ ఎందుకు వస్తోంది? వార్డులో మందులు మిగిలాయి కాబట్టి. ఎందుకు మిగిలాయి? ముందు రోజు సాయంత్రం 24 గంటలకు సరిపడా ఇండెంట్ (మందులు పంపమని కోరే చీటీ) పెట్టారు కాబట్టి. రేపు వెళ్లే పేషెంట్‌కు 24 గంటల ఇండెంట్ ఎందుకు? ఇండెంట్ పెట్టే సిస్టర్‌కు రేపు వెళ్తారని తెలియదు కాబట్టి. ఎందుకు తెలియదు? రౌండ్స్‌లో అనుకున్నది ఎక్కడా రాయలేదు కాబట్టి.

చూడండి, మందు ఐదో ప్రశ్న దగ్గర ఉంది. ఫార్మసీలో రిటర్న్ కౌంటర్ వేరే తెరవడం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయిన పరిష్కారం. పై సిస్టర్ గారి ఆకుపచ్చ మాగ్నెట్ ఉన్న బెడ్లకు సాయంత్రం ఇండెంట్ పొద్దున డోస్ వరకే పెడితే వెనక్కి రావడానికి ఏమీ మిగలదు. ఇంటికి తీసుకెళ్లే మందుల చీటీ కూడా రాత్రే వస్తే కవర్ కట్టి, బెడ్ నంబర్ రాసి పెట్టొచ్చు. పొద్దున మారిన మందు ఒక్కటే మార్చాలి.

ఒక జాగ్రత్త: రాత్రి కట్టిన కవర్‌ను పొద్దున తుది సమ్మరీతో సరిచూడకుండా ఇవ్వకూడదు. రక్తం పల్చబడే మందులు, ఇన్సులిన్ డోసులు రౌండ్స్‌లో మారుతుంటాయి. పాత కవర్ ఇంటికి వెళ్తే ఆ తప్పు ప్రాణం మీదికి వస్తుంది. కవర్ మీద "తుది సమ్మరీతో సరిచూశాను" అని టైమ్, సంతకం లేకపోతే కిటికీ దాటించొద్దు.

ల్యాబ్_మైక్రోలీటర్ · మంగళవారం, మధ్యాహ్నం 2:15

సిస్టర్ గారి పసుపు మాగ్నెట్ "క్రియాటినిన్, 8:30" మా మీదే ఆధారపడింది కాబట్టి ఈ భాగం వివరంగా రాస్తున్నాను. ల్యాబ్ టైమ్ అంటే మెషిన్ టైమ్ అనుకుంటారు. మెషిన్ వాటా అందులో చిన్నదే.

వార్డులో ఐదింటికి మొదటి శాంపిల్ తీస్తారు, వార్డంతా అయ్యాక ఆరూముప్పావుకు ట్రే కిందికి వస్తుంది. మొదటి ట్యూబ్ గంటా ముప్పావు ట్రేలోనే కూర్చుంది. ఏడింటికి అన్ని వార్డుల ట్రేలూ ఒకేసారి రిసెప్షన్ మీద పడతాయి. రక్తం ట్యూబులను గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ నిండేదాకా ఆగి తిప్పుతారు. ప్రతి చోటా పోగేయడమే.

మార్చాల్సినవి: రేపు వెళ్లేవాళ్ల శాంపిళ్లు అందరికంటే ముందు, ట్యూబ్ మీద రంగు స్టిక్కర్‌తో. ప్రతి 20 నిమిషాలకు ఉన్నన్ని ట్యూబులు తీసుకుని మనిషి కదలాలి, నాలుగు ఉన్నా సరే. సెంట్రిఫ్యూజ్ నిండేదాకా ఆగొద్దు, ఎదురెదురుగా బరువు సరిపోతే ఎనిమిది ట్యూబులతోనే తిప్పండి. బేసి సంఖ్య వస్తే అంతే బరువున్న నీళ్ల ట్యూబ్ ఎదురుగా పెట్టండి.

సీరమ్ కోసం ఎర్రమూత ట్యూబ్ రక్తం గడ్డకట్టడానికి అరగంట నిలబడాలి. ఆ అరగంటను లీన్ పేరుతో కోయకూడదు. గడ్డ సరిగా కట్టక ముందే తిప్పితే ఫైబ్రిన్ పోగులు మిగిలి మెషిన్ ప్రోబ్‌కు అడ్డం పడతాయి. నిజంగా తొందరైతే ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబ్‌లో తీయండి, గడ్డకట్టే వరకు ఆగక్కర్లేదు. మీ ల్యాబ్ ఆ పరీక్షను ప్లాస్మాలో చేయడానికి సరిచూసి ఒప్పుకుని ఉండాలి, అది ముందు అడగండి.

అన్నిటికంటే ఎక్కువ టైమ్ తినేది మళ్లీ శాంపిల్ తీయడం. లేతనీలం మూత సిట్రేట్ ట్యూబ్‌లో ఒక పాలు సిట్రేట్‌కు తొమ్మిది పాళ్లు రక్తం ఉండాలి, గీత దాకా నిండకపోతే రిజెక్ట్. సిరంజితో తీసిన రక్తాన్ని మూతలోంచి బలంగా నెడితే కణాలు పగిలి పొటాషియం అబద్ధంగా పెరుగుతుంది. ఊదామూత ట్యూబ్‌లో ముందు పోసి ఆ తర్వాత ఎర్రమూతలోకి పోసినా అంతే. ఆ మందులో పొటాషియం ఉంటుంది, కాల్షియాన్ని పట్టేస్తుంది. రిపోర్టులో పొటాషియం ఎక్కువ, కాల్షియం తక్కువ వస్తే డాక్టర్ డిశ్చార్జ్ ఆపేస్తారు, ఆపాలి కూడా. వరుస ఇది: లేతనీలం, ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, ఊదా, బూడిదరంగు. రక్తం తీసే ట్రే మీదే ట్యూబులు ఈ వరుసలో నిలబడేలా రంధ్రాలకు రంగులు వేయండి. గోడ మీద పోస్టర్ కంటే అది పదిరెట్లు పనిచేస్తుంది.

నడిచే_గడియారం · మంగళవారం, సాయంత్రం 5:50

ల్యాబ్ గారు చివర చెప్పిందే జపనీయులు పోకా-యోకే అంటారు, తప్పు చేయడానికి వీలే లేకుండా వస్తువును మలచడం. మత్తు డాక్టర్లకు ఇది ఎప్పటినుంచో తెలుసు. చిన్న సిలిండర్ మెడ మీద పిన్నులు పట్టే రంధ్రాలు ఆక్సిజన్‌కు 2, 5 స్థానాల్లో, మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్‌కు 3, 5 స్థానాల్లో ఉంటాయి. ఎంత నిద్రమత్తులో ఉన్నా ఒకదాని చోట ఇంకొకటి బిగించలేరు.

ఆసుపత్రుల్లో లీన్ అంటే తరచూ వినిపించే పేరు అమెరికాలోని సియాటిల్‌లో ఉన్న వర్జీనియా మేసన్. 2002లో అక్కడి పెద్దలు జపాన్ వెళ్లి కార్ల తయారీ చూసి వచ్చి, ఆ పద్ధతిని ఆసుపత్రి అంతటా పెట్టారు. ఎవరైనా సరే ప్రమాదం చూస్తే పని ఆపేలా హెచ్చరిక వ్యవస్థ కూడా తెచ్చారు. అయినా 2004లో ఒక పేషెంట్‌కు ఎక్స్‌రేలో రక్తనాళాలు కనబడేందుకు ఎక్కించే ద్రవం బదులు చర్మం శుభ్రం చేసే క్లోర్‌హెక్సిడిన్ ఎక్కి ప్రాణం పోయింది. లేబుల్ లేని గిన్నెల్లో రంగులేని ద్రవాలు పక్కపక్కన ఉండటం దాని మూలం. ఆసుపత్రి దాచకుండా బయటికి చెప్పింది. టైమ్ తగ్గించే లెక్కల్లో పడి లేబుళ్లను మరిచిపోకూడదని ఇది ఇక్కడ రాస్తున్నాను.

స్టోర్స్_సీమ · మంగళవారం, రాత్రి 8:30

అయ్యా, ఒక సూటి ప్రశ్న. లీన్ అంటే మనుషుల్ని తగ్గించడమే అని కింది స్టాఫ్ అందరి అనుమానం. ఆయమ్మలు, వార్డు బాయ్‌లు చీటీలో నిజం టైమ్ ఎందుకు రాస్తారు? ఖాళీగా ఉన్నట్టు తేలితే పని పోతుందని భయం ఉండదా?

నడిచే_గడియారం · మంగళవారం, రాత్రి 9:05

ఆ భయం న్యాయమైనదే. అందుకే వర్జీనియా మేసన్ వాళ్లు ఈ మార్పుల వల్ల ఎవరి ఉద్యోగమూ పోదని ముందే హామీ ఇచ్చారు. కొలత మొదలుపెట్టక ముందే మేనేజ్‌మెంట్ ఈ మాట రాతపూర్వకంగా నోటీసుబోర్డు మీద పెట్టాలి. పెట్టకపోతే మీ చేతికొచ్చే టైమ్‌లన్నీ 5తో, 0తో ముగిసే గుండ్రటి అంకెలే. చీటీ మీద మనిషి పేరు ఉండొద్దు, మెట్టు పేరు చాలు. మిగిలిన చేతులకు ఆసుపత్రిలో పనికి కరువా? పేషెంట్‌ను నడిపించేవాళ్లు, పక్క మార్చేవాళ్లు ఏ వార్డులోనూ సరిపడా లేరు.

స్టోర్స్_సీమ · మంగళవారం, రాత్రి 9:40

సంతోషం. అయితే నా వంతు. డిశ్చార్జ్‌కు నేరుగా కాకపోయినా, సిస్టర్లు సామాను వెతకడానికి పోగొట్టుకునే టైమ్ తగ్గితే అది అక్కడే కలిసొస్తుంది. రెండు డబ్బాల పద్ధతి, కాన్బాన్ అంటారు. ముందు డబ్బా అయిపోతే వెనక డబ్బా ముందుకు జరుపుతారు, ఖాళీ డబ్బా కార్డుతో స్టోర్స్‌కు వస్తుంది. ఇండెంట్ పుస్తకం రాయక్కర్లేదు.

డబ్బాలో ఎన్ని? రోజు వాడకాన్ని స్టోర్స్ నుంచి రావడానికి పట్టే రోజులతో గుణించి, దాని మీద సగం అదనం. నీలం రంగు 22 గేజ్ కాన్యులా (సెలైన్ ఎక్కించే సూది గొట్టం) వార్డులో రోజుకు 18 పోతే, ఒక రోజులో వస్తే, 27. డబ్బాకు 30 పెట్టండి. ఇక్కడే చాలామంది బోర్లా పడతారు: ఆదివారం స్టోర్స్ మూత. శనివారం సాయంత్రం ఖాళీ అయిన డబ్బా సోమవారం వస్తుంది, అంటే రెండు రోజులు, 54 కావాలి. 30తో నడిపితే సోమవారం డబ్బా వచ్చేలోపే కాన్యులాలు అయిపోవచ్చు. ఒక్కసారి అలా జరిగితే సిస్టర్లు డ్రాయర్లలో దాచుకోవడం మొదలుపెడతారు, ఇక మీ లెక్కలన్నీ తప్పు. దాచుకుంటున్నారంటే తప్పు వాళ్లది కాదు, మనం ఒకనాడు ఇవ్వలేకపోయాం.

ఎక్స్‌పైరీ ముందున్నది ముందు డబ్బాలోకి. ప్రాణాపాయం వేళ వాడే మందులు, పరికరాల బండి క్రాష్ కార్ట్‌ను మాత్రం ఈ పద్ధతిలోకి తేవొద్దు. అది జాబితా ప్రకారం నిండుగా, నంబరున్న సీల్‌తో ఉండాలి, ప్రతి షిఫ్ట్‌లో సీల్ నంబర్ సరిచూడాలి, వాడిన వెంటనే నింపాలి.

ఇన్సూరెన్స్_డెస్క్ · బుధవారం, ఉదయం 10:20

ఇన్సూరెన్స్ పేషెంట్ల కుప్ప గురించి. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024 మే ఆదేశాల ప్రకారం, ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అనుమతి కోరిక అందిన మూడు గంటల్లోపు కంపెనీ తుది అనుమతి ఇవ్వాలి. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వేసే చార్జీ పాలసీదారు మీద పడకూడదు, కంపెనీయే భరించాలి. చాలామంది ఇది చదివి "మూడు గంటలు వాళ్లవి, మనమేం చేస్తాం" అంటారు. మన కాగితాలు వెళ్లాకే ఆ మూడు గంటలు మొదలవుతాయి. రెండింటికి పంపితే అయిదు. పదకొండుకు పంపితే రెండు.

ఇంకో నష్టం ప్రశ్నలు. కాగితం ఒక్కటి తగ్గినా ప్రశ్న వస్తుంది, జవాబు కోసం ఫైల్ మళ్లీ వార్డుకు ఎక్కుతుంది. ఒక నెల ప్రశ్నలన్నీ రాసి ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. మామూలుగా వచ్చేవి: బీపీ, షుగర్ ఎన్నాళ్లుగా ఉన్నాయో సమ్మరీలో ఒక చోట ఒకలా, అడ్మిషన్ షీట్‌లో ఇంకోలా ఉండటం, ఇంప్లాంట్ స్టిక్కర్, ఇన్‌వాయిస్ లేకపోవడం, యాక్సిడెంట్ కేసుకు ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన మెడికో-లీగల్ కేసు) కాపీ లేకపోవడం, అంచనా కంటే ఎక్కువ రోజులున్నందుకు కారణం రాయకపోవడం. మొదటిది అడ్మిషన్ రోజే సరిదిద్దాలి. చివరిది ఆ రోజు దాటిన రోజే రాయించి పెంపు అడగాలి. మొదటిసారికే ప్రశ్న లేకుండా వెళ్లిన ఫైళ్లు నూటికి ఎన్ని అన్నదే నా డెస్క్‌కు అసలు కొలమానం.

డ్యూటీ_డాక్టర్_నైట్ · బుధవారం, రాత్రి 11:50

సమ్మరీ సంగతి నేనూ చెప్పాలి. ముసాయిదా రాత్రి రాయడం సాధ్యమే, కానీ నైట్ డ్యూటీ డాక్టర్ ఐసీయూ కాల్స్ కూడా చూస్తుంటే పది సమ్మరీలు కుదరవు. అడ్మిషన్ రోజునుంచే రోజుకు రెండు లైన్లు కట్టుకుంటూ పోతే చివరి రోజు మిగిలేది డిశ్చార్జ్ నాటి పరిస్థితి, మందులు, మళ్లీ రావాల్సిన తేదీ. పాత పేషెంట్ సమ్మరీ కాపీ కొట్టి మార్చడం ఎంత తొందర పనైనా పూర్తిగా నిషేధించాలి. కుడి కాలు ఎడమ కాలయ్యేది అక్కడే.

పెద్ద డాక్టర్ సంతకం కోసం ఫైల్ ఓపీకి తిరగడం కంటే, రౌండ్స్‌లో ఆకుపచ్చ బెడ్లను ముందు చూసి మంచం దగ్గరే ముసాయిదా సరిదిద్ది సంతకం పెట్టేస్తే చీటీలో సంతకం ముందున్న 50 నిమిషాలూ పోతాయి. ఒక మినహాయింపు ఉంది: రౌండ్స్ మొదట చూడాల్సింది ఒంట్లో బాగాలేనివాళ్లను. వాళ్ల తర్వాతే ఆకుపచ్చ, ఆ తర్వాత మిగతావాళ్లు. దీన్ని తలకిందులు చేసే ఏ పద్ధతినీ నేను ఒప్పుకోను.

వార్డు_సిస్టర్ · గురువారం, ఉదయం 6:45

ఆ వరుస సరైనది డాక్టర్ గారూ, బోర్డు మీదే రాసిపెట్టాలి.

నర్సుల షిఫ్ట్ రెండింటికి మారుతుంది. ఒకటిన్నర నుంచి రెండున్నర దాకా అప్పగింతలు. ఆ గంటలో బిల్లు క్లియర్ అయిన పేషెంట్లకు మందులు ఎవరు వివరించాలి? హడావుడిగా చీటీ చేతిలో పెట్టి పంపేస్తారు. మందులు వివరించడం బిల్లు కోసం ఆగాల్సిన పని కాదు. సంతకం అయిన వెంటనే, బిల్లు నడుస్తుండగానే చేయాలి. చెప్పాక "ఇంటికెళ్లాక ఏది ఎప్పుడు వేసుకుంటారో మీరు చెప్పండమ్మా" అని వాళ్లచేత చెప్పించాలి. కాన్యులా తీయడం కూడా అప్పుడే, డాక్టర్ ఇంకే ఇంజెక్షనూ లేదన్నాక. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా కాకుండా పక్కపక్కన నడిస్తే చీటీ సగం అవుతుంది.

ఓటీ_టెక్ · గురువారం, మధ్యాహ్నం 1:10

ఓటీలో కేసు కేసుకూ మధ్య టైమ్ తగ్గించడానికీ సిస్టర్ గారు చెప్పిన సూత్రమే: రోగి టేబుల్ మీద ఉండగానే చేయగలిగిన పని ఏది, దిగాకే చేయాల్సింది ఏది అని రెండుగా విడదీయడం. తర్వాతి కేసు సెట్లు, స్టెరిలైజేషన్ ఇండికేటర్ రంగు చూడటం, కన్సెంట్, ఆపరేషన్ చేసే చోట మార్కింగ్ మొదటి రకం. టేబుల్ తుడవడం, మత్తు మెషిన్ గొట్టాలు మార్చడం రెండో రకం. మదురై అరవింద్‌లో కంటి శుక్లం ఆపరేషన్లకు పక్కపక్కన రెండు టేబుళ్లు వేసి, సర్జన్ ఒకటి ముగించేసరికి రెండోది సిద్ధంగా ఉంచేది ఈ లెక్కనే.

బెడ్ శుభ్రానికి వచ్చేసరికి ఒక హెచ్చరిక. 5 శాతం హైపోక్లోరైట్‌తో 1 శాతం ద్రావణం చేయాలంటే 200 మి.లీ. మందు, 800 మి.లీ. నీళ్లు. ఏ రోజుది ఆ రోజే. లేబుల్ మీద రాసినంతసేపు తడిగా ఉండాలి. బెడ్ తొందరగా కావాలని తుడిచిన వెంటనే పొడిగుడ్డ పెడితే శుభ్రం అయినట్టు కాదు. తగ్గించాల్సింది పేషెంట్ లేచాక ఆయమ్మకు కబురు అందేదాకా పోయే టైమ్. హౌస్‌కీపింగ్‌కు కబురు గేట్‌పాస్ తీసినప్పుడే వెళ్లాలి.

క్వాలిటీ_గోదావరి · గురువారం, రాత్రి 9:30

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క మెడికల్ వార్డు, 24 బెడ్లు. రెండు వారాలు కొలత మాత్రమే, ఏమీ మార్చం. మూడో వారం బోర్డు, సాయంత్రం ఇండెంట్. నాలుగో వారం రాత్రి బిల్లు తనిఖీ. రోజూ 8:45కు బోర్డు ముందు నిలబడే పది నిమిషాలు మాట్లాడుకోవడం: ఇన్‌ఛార్జ్ సిస్టర్, బిల్లింగ్, ఫార్మసీ, ఇన్సూరెన్స్, హౌస్‌కీపింగ్. టైమ్‌తో పాటు 72 గంటల్లో తిరిగి వచ్చిన పేషెంట్లు, మందుల కవర్ తప్పులు కూడా లెక్కిస్తాం.

లాభం ఎంతో మేనేజ్‌మెంట్‌కు ఎలా చెప్పాలి?

నడిచే_గడియారం · గురువారం, రాత్రి 10:00

బెడ్-గంటల్లో చెప్పండి. 30 డిశ్చార్జ్‌లు, ఒక్కోటి 5 గంటలు, రోజుకు 150 బెడ్-గంటలు. పది గంటల పగటికి పంచితే, ఏ క్షణం చూసినా సగటున 15 బెడ్లు వెళ్లిపోవాల్సినవాళ్లతోనే నిండి ఉన్నాయి. 3 గంటలకు దించితే 90, అంటే 9 బెడ్లు. ట్రాలీల మీద ఉన్నవాళ్లకు పగటిపూట ఆరు బెడ్లు, ఒక్క గోడ కట్టకుండా.

గడియారం ఎప్పుడు మొదలైందో మాత్రం మార్చొద్దు. ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే నాభ్ (NABH) లెక్క ప్రకారం పెద్ద డాక్టర్ డిశ్చార్జ్ ఖరారు చేసినప్పుడు మొదలు, పేషెంట్ వార్డు దాటినప్పుడు ముగింపు. ఫైల్ బిల్లింగ్‌కు చేరినప్పటి నుంచి లెక్కేసి రెండు గంటలని చూపే రిపోర్టులు తయారవుతుంటాయి. మంచం మీద కూర్చున్న మనిషికి అవి ఒక్క నిమిషం కూడా తగ్గించవు.

క్వాలిటీ_గోదావరి · గురువారం, రాత్రి 10:12

పేషెంట్ వార్డు దాటిన టైమ్ చీటీ మీద ఎవరు రాయాలి? సిస్టర్ అప్పటికి ఇంకో బెడ్ దగ్గర ఉంటారు కదా.

వార్డు_సిస్టర్ · శుక్రవారం, ఉదయం 6:30

వీల్‌చెయిర్ తోసే మనిషి. పెన్ను తాడుతో వార్డు తలుపు పక్కన కట్టండి, దానికి ఎదురుగా గోడ గడియారం పెట్టండి. వార్డు గడియారం, బిల్లింగ్ గడియారం ఒకే టైమ్ చూపిస్తున్నాయో లేదో మొదటి రోజు పొద్దున్నే చూసుకోండి, పది నిమిషాల తేడా ఉంటే చీటీలన్నీ వృథా. చీటీలు వేయడానికి తలుపు పక్కనే అట్టపెట్టె ఒకటి ఉంచండి, కేస్‌షీట్‌తో రికార్డు రూమ్‌కు పోయాయంటే మళ్లీ దొరకవు.